వానొస్తాదని తెలిస్తే చాలదు: ఉదయగిరి, ఆత్మకూరు రైతుకు వరద లెక్క



పొలంలో వానకొలత డబ్బా ఎలా పెట్టుకోవాలో ఈ వీడియోలో చూపించాను. వీడియోలో చెప్పడానికి వీలుకాని లెక్కలు, వివరాలు ఇక్కడ రాస్తున్నాను. కొంచెం ఓపిగ్గా చదవండి, ఈశాన్య రుతుపవనాల కాలంలో పనికొస్తాయి.

మన ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో వాన కబురంటే మంచి కబురే. తుపాను అనగానే సముద్రం ఒడ్డు ఊళ్ళల్లో పడవలు, వలలు సర్దుకుంటారు. మనం మాత్రం చెరువు వైపు చూస్తాం, ఈసారన్నా కలుజు పారకపోద్దా అని. ఎండిపోయే బోర్లతో, మబ్బు కోసం ఎదురుచూపులతో గడిచే బతుకులు మనవి. అందుకే టీవీలో "భారీ వర్ష సూచన" అని వస్తే జాగ్రత్త పడాల్సింది పోయి సంబరపడతాం.

2021 నవంబరులో మా ఊరి పెద్దాయన ఒకాయన అడిగాడు. "అబ్బయ్యా, ఫోన్లో చూసి చెప్పు, వానొస్తాదా రాదా?"

"వస్తాది పెదనాయనా, భారీ వర్షం అంటా ఉండారు" అన్నాను.

"రానీ నాయనా, చెరువు నిండాల గదా" అన్నాడు.

ఇద్దరి మాటా నిజమైంది. వానొచ్చింది, చెరువూ నిండింది. మేమిద్దరం అడగని ప్రశ్నలు మాత్రం అట్టే ఉండిపోయినాయి. ఎంత వాన? ఎన్ని గంటల్లో? మన పొలం మీదికొచ్చే నీళ్ళు ఎక్కడ పడిన వానవి?

ఆ ఏడాదే మా నిమ్మతోట పైభాగాన నీటికుంట తవ్వుకున్నాం. చుట్టూ గట్టిగా కట్ట పోశాం. మిగులు నీళ్ళు బయటికి పోయే దారి మాత్రం పెట్టలేదు. మన మెట్టలో కుంట నిండేదెప్పుడు, పొర్లేదెప్పుడు అనుకున్నాం. రాత్రికి రాత్రి నిండింది, తెల్లారేసరికి కట్ట తెగింది. రెండెకరాలకు సరిపడా చేసి పెట్టుకున్న ఘన జీవామృతం పోయింది. ఆకులూ అలములూ వేసి ఏళ్ళ తరబడి తయారు చేసుకున్న పైమట్టి వాగులో కలిసింది. సూచన రాలేదని ఎవరినీ అనడానికి లేదు. సూచన వచ్చింది. దాన్ని మా పొలం లెక్కలోకి మార్చుకోవడం మాకు తెలియలేదు. ఈ వ్యాసం ఆ లెక్క గురించే.

2021 నవంబరులో ఏం జరిగింది?

ఆ నెలలో ఎనిమిది రోజుల తేడాలో రెండు వాయుగుండాలు తీరం దాటాయి. మొదటిది నవంబరు 11న చెన్నై దగ్గర, రెండోది 19వ తేదీ తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య. మొదటి వానకు నేల తడిసింది, కుంటలూ చెరువులూ నిండాయి. రెండో వాన పడేటప్పటికి నేలకు తాగే ఓపిక లేదు, చెరువుకు పట్టే చోటు లేదు. పడిన నీళ్ళు పడినట్టే పారినాయి.

19వ తేదీ పొద్దున అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళు చెయ్యేటి పాలయ్యాయి. ఆ చెయ్యేరు వచ్చి కలిసేది పెన్నలో. పెన్న వచ్చి చేరేది మన అనంతసాగరం మండలంలోని సోమశిలకు. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలాల్సి వచ్చింది. నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు కట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి తెగింది.

5 లక్షల క్యూసెక్కులంటే ఎంతో చూద్దాం. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే 1 టీఎంసీ అవుతుంది. ఆ లెక్కన 5 లక్షల క్యూసెక్కులు ఒక్క రోజు పారితే 43 టీఎంసీలు. సోమశిల మొత్తం సామర్థ్యం 78 టీఎంసీలు. అంటే జలాశయం పూర్తిగా ఖాళీగా ఉన్నా రెండు రోజుల్లోపే నిండిపోయేంత నీరు. నవంబరులో అది ఖాళీగా ఉండకపోవచ్చు, మంచి వానల ఏడాదైతే అప్పటికే నిండుకుండలా ఉండొచ్చు. గేట్లు ఎత్తక తప్పదు. అంత పెద్ద డ్యామ్ ఉంది గదా, ఆపుతుందిలే అని పెన్న లంకల్లో నిశ్చింతగా ఉండకూడదని చెప్పడానికే ఈ లెక్క.

మనకు వచ్చే వరదలు మూడు రకాలు

మన ప్రాంతంలో వరద ఒక్కటి కాదు. ఒక్కోటి ఒక్కో దారిన వస్తుంది, ఒక్కోటి ఇచ్చే వ్యవధి వేరు.

ఒకటి, కొండవాగు వరద. పడమట వెలిగొండలు ఉన్నాయి. ఉదయగిరి దుర్గం ఒక్కటే 3 వేల అడుగుల పైన ఉంది. సముద్రం వైపు నుంచి తడిగాలి వచ్చి ఈ కొండలకు తగిలి పైకి లేస్తుంది. పైకి లేచిన గాలి చల్లబడి వాన దించుతుంది. అందుకే ఊళ్ళో సన్న చినుకు పడుతున్నప్పుడే కొండ మీద కుండపోత కురుస్తూ ఉండొచ్చు. రాతి వాలు మీద పడిన నీళ్ళు ఎక్కడా ఆగవు. బొగ్గేరు, బీరాపేరు, పిల్లాపేరు లాంటి ఏర్లకు, వాటిలో కలిసే పేరు లేని వాగులకు గంటల్లోనే నీళ్ళొచ్చేస్తాయి. ఇక్కడ మనకు దొరికే వ్యవధి రెండు మూడు గంటలు, ఒక్కోసారి అదీ ఉండదు.

రెండు, చెరువు వరద. మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు కలుజు నీళ్ళు కింది చెరువులోకి వస్తాయి. పైదానికి గండి పడితే ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా కిందిదాని మీద పడతాయి. వాన తగ్గిన తర్వాత కూడా ఈ ముప్పు పోదు. కట్ట నాని, లోపలి నుంచి ఊట మొదలై, వాన వెలిసిన మర్నాడు తెగిన చెరువులూ ఉన్నాయి. కట్ట కింద బురదనీళ్ళు ఊరుతుంటే అది చెడ్డ గుర్తు. తేటనీళ్ళు ఊరితే కట్ట చెమర్చినట్టు. బురద కలిసి వస్తే లోపల మట్టి కోసుకుపోతున్నట్టు. వెంటనే ఊళ్ళో వాళ్ళకూ, సచివాలయానికీ చెప్పాలి.

మూడు, పెన్న వరద. ఇది మన వాన కానే కాదు. నంది కొండల్లో పుట్టి అనంతపురం, కడపల మీదుగా వచ్చే పెన్నకు చిత్రావతి, పాపాగ్ని, కుందేరు, సగిలేరు, చెయ్యేరు కలుస్తాయి. అక్కడెక్కడో పడిన వాన మన దగ్గరికి ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుంది. ఆత్మకూరులో ఎండ కాస్తూ ఉండొచ్చు, పెన్న ఒడ్డున పొలాలు మునుగుతూ ఉండొచ్చు. చేజర్ల, సంగం వైపు పెన్న ఒడ్డున సేద్యం చేసేవాళ్ళు నెల్లూరు జిల్లా సూచన ఒక్కటే చూస్తే సరిపోదు. కడప, తిరుపతి వైపు సూచన చూడాలి, సోమశిలకు ఎంత నీరు వస్తోందో చూడాలి. ఈ వరదలో మనకు మేలు ఒకటుంది. తెలుసుకోవాలనుకున్నవాడికి ముందే తెలుస్తుంది.

మీ పొలానికి ఈ మూడింటిలో ఏది వస్తుందో ముందు తేల్చుకోండి. కొన్ని పొలాలకు రెండూ రావచ్చు.

సూచనలో మాటలకు అర్థం ఏమిటి?

వాతావరణ శాఖ "భారీ" అన్నదంటే ఊరికే అన్నమాట కాదు, దానికో కొలత ఉంది. ఒక పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర దాకా పడిన వానను లెక్కేస్తారు.

64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ వర్షం. 204.5, ఆ పైన పడితే అత్యంత భారీ వర్షం.

మిల్లీమీటర్లంటే మనకు చప్పున తట్టదు. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4 వేల లీటర్ల పైచిలుకు నీరు. 100 మిల్లీమీటర్లు పడితే ఎకరానికి 4 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 80 తెచ్చి ఒక్క ఎకరాలో ఒంపినట్టు. మీ కుంట పైన పదెకరాల వాలు ఉంటే, నేల అప్పటికే తడిసి ఉంటే, ఎన్ని ట్యాంకర్లు దిగుతాయో మీరే లెక్కేసుకోండి. నేను కట్ట పోసేటప్పుడు ఈ లెక్క వెయ్యలేదు.

రెండోది, "ఎక్కడ" అనే మాట. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వానకొలత కేంద్రాల్లో పావు వంతుకు మించకుండా పడొచ్చని. "కొన్నిచోట్ల" అంటే సగం దాకా. "చాలాచోట్ల" అంటే ముప్పావు దాకా. "దాదాపు అన్నిచోట్ల" అంటే అంతకు మించి. "నెల్లూరు జిల్లాలో ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షం" అని వచ్చి మీ ఊళ్ళో పడకపోతే సూచన తప్పిందని కాదు. ఆ ఒకటి రెండు చోట్లలో మన ఊరు ఈసారి లేదు, అంతే. నాలుగుసార్లు ఇట్టా జరిగితే అయిదోసారి నమ్మడం మానేస్తాం. అదే ప్రమాదం.

మూడోది, రంగు. ఆకుపచ్చ అంటే ఇబ్బంది లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే ఇక చేయాల్సింది చేసెయ్యండి.

ఇంకో మాట. వాయుగుండం ఎంత గట్టిది అన్నదానికంటే ఎంత నెమ్మదిగా కదులుతోంది అన్నది మనకు ముఖ్యం. 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుపాను తీరం వెంబడే పైకి కదులుతూ 5వ తేదీన బాపట్ల దగ్గర నేల మీదికొచ్చింది. తీరం వెంబడి నెమ్మదిగా నడిచే తుపాను ఒకే చోట గంటల తరబడి పోస్తూనే ఉంటుంది. వార్తల్లో గాలి వేగం చెప్తున్నప్పుడు, అది గంటకు ఎన్ని కిలోమీటర్లు కదులుతోందో కూడా వినండి.

రాడార్‌కు కనపడనిది

మనకు దగ్గరి రాడార్ శ్రీహరికోటలో ఉంది. అక్కణ్ణుంచి ఉదయగిరికి గీత గీస్తే 160 కిలోమీటర్ల పైమాటే. చెన్నై, మచిలీపట్నం రాడార్లు ఇంకా దూరం. రాడార్ కిరణం తిన్నగా పోతుంది, భూమేమో వంగి ఉంటుంది. అందువల్ల ఆ కిరణం ఉదయగిరి మీదికి వచ్చేసరికి దాదాపు 3 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. దానికంటే కింద, కొండను పట్టుకుని కురిసే మబ్బు దానికి సరిగా కనపడదు. ఫోన్లో రాడార్ బొమ్మ చూడటం మంచిదే. మూడు గంటల ముందు హెచ్చరికలు దాని మీద ఆధారపడే వస్తాయి. అయితే బొమ్మలో రంగు లేదని కొండ మీద వాన లేదనుకోవద్దు.

మన పెద్దల గుర్తులు కూడా వదిలెయ్యకండి. చంద్రుడి చుట్టూ గుడి కట్టడం గురించి "దూరపు గుడి దగ్గర వాన" అనేవాళ్ళు. చాలా ఎత్తున ఉండే మంచు రేణువుల మబ్బుల వల్ల ఆ పెద్ద గుడి కడుతుంది. వాయుగుండాలకు ముందు అలాంటి మబ్బులు పరచుకోవడం మామూలే. అయితే ఆ గుడి వానొస్తాదని చెప్పగలదు గానీ వంద మిల్లీమీటర్లా రెండొందలా అన్నది చెప్పలేదు. స్వాతి, విశాఖ, అనూరాధ, జ్యేష్ఠ కార్తెలు, అంటే అక్టోబరు ఆఖరి నుంచి డిసెంబరు సగం దాకా, మనకు జాగ్రత్త కాలం. అంతవరకు కార్తెల లెక్క ఇప్పటికీ నిలబడేదే.

మీ పొలానికి మీ సూచన

వానకొలత కేంద్రం ఎక్కడో మండల కేంద్రంలో ఉంటుంది. మీ వాగు పుట్టేది కొండలో. ఈ రెంటికీ మధ్య ఖాళీని పూడ్చేది మీ నోటుపుస్తకం.

అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పున్న డబ్బా ఏదైనా తీసుకోండి. చెట్లకు, గోడలకు దూరంగా, నేల మీది నీళ్ళు చిందిపడనంత ఎత్తున కదలకుండా కట్టండి. స్కేలుతో లోతు కొలిస్తే అదే మిల్లీమీటర్ల వాన. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచి ఒంపెయ్యండి. గట్టి వానలో గంటకోసారి చూడండి. పుస్తకంలో నాలుగు గళ్ళు చాలు. ఎంత వాన పడింది, ఎన్ని గంటల్లో, అంతకు ముందు వారం నేల తడిగా ఉందా పొడిగా ఉందా, చప్టా మీదికి నీళ్ళు ఎన్నింటికి వచ్చాయి.

రెండు మూడు కాలాలు రాస్తే మీ వాగు లెక్క మీకు తెలిసిపోతుంది. "నేల తడిగా ఉన్నప్పుడు ఇంత పడితే ఇన్ని గంటల్లో చప్టా మునుగుతుంది" అని చెప్పగలుగుతారు. ఆ మాట ఏ యాప్ కూడా మీకు చెప్పలేదు. కొండ కింది ఊళ్ళో ఒకరు, వాగు దిగువన ఒకరు కొలుస్తూ ఫోన్లో చెప్పుకుంటే ఇంకా మేలు. పైనున్న రైతు ఒక్క ఫోన్ చేస్తే దిగువ రైతుకు గంట కలిసొస్తుంది. ఆ గంటలో పశువుల్ని విప్పొచ్చు, మోటారు పైకి తీయొచ్చు.

దీనికి తోడు మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ సలహాలతో పాటు ముందు రోజుల సూచన వస్తుంది. పిడుగులకు దామిని, హెచ్చరికలకు సచేత్, పెద్ద నదుల వరదకు కేంద్ర జల సంఘం వారి ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ ఉన్నాయి. ఆపదలో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నంబరు 1070, లేదంటే 112.

ప్రకృతి వ్యవసాయదారుడు ఏ రంగుకు ఏం చెయ్యాలి?

పసుపు వస్తే: పిచికారీలు ఆపండి. కషాయమైనా, జీవామృతమైనా భారీ వానకు ముందు చల్లితే నేల మీద నిలవదు. ద్రవ జీవామృతం కలపబోతుంటే నాలుగు రోజులు ఆగండి. వరి నారుమడి పోయాల్సి ఉంటే విత్తనమంతా ఒకేసారి పోయకుండా రెండు విడతలుగా పెట్టుకోండి. ఒకటి మునిగినా ఒకటి దక్కుతుంది.

నారింజ వస్తే: మురుగు కాలువల్లో అడ్డం తీసెయ్యండి. కుంటకు, కందకాలకు మిగులు దారి ఉందో లేదో చూడండి. ఆ దారి కట్ట కంటే బాగా కిందికి ఉండాలి, నీళ్ళు దూకే చోట రాళ్ళు పరచాలి. ఘన జీవామృతం గోతాలు, దేశవాళీ విత్తనాలు, కళ్ళంలో ఉన్న పంట మెరకకు చేర్చండి. విత్తనం పోతే కొనుక్కోవచ్చు అనే మాట మనకు వర్తించదు. ఏళ్ళుగా కాపాడుకున్న రకం అంగట్లో దొరకదు.

ఎరుపు వస్తే: పశువుల్ని కట్లు విప్పి మెరక మీదికి తోలండి. వాగు అవతల పొలం ఉన్నవాళ్ళు మోటారు కోసమో, గేదె కోసమో రాత్రిపూట వాగు దాటొద్దు. పారే నీరు మోకాటి లోతున్నా మనిషిని పడేస్తుంది. పెన్న లంకల్లో ఎవరూ పడుకోవద్దు.

ఇక ఒక నిజం మనలో మనం ఒప్పుకోవాలి. నవధాన్యాలు వేసి ఏడాది పొడవునా నేలను కప్పి ఉంచిన పొలంలో వాన చినుకు దెబ్బ నేల మీద పడదు, పైమట్టి కొట్టుకుపోవడం తగ్గుతుంది, నీళ్ళు బాగా ఇంకుతాయి. మామూలు వానల్లో ఆ తేడా కంటికి కనపడుతుంది. నేల నిండా తడిసిన తర్వాత 200 మిల్లీమీటర్లు పడితే మాత్రం ఏ పొలమూ తాగలేదు. ఆచ్ఛాదన మట్టిని కాపాడుతుంది, వరదను ఆపదు. ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం గదా, మనకేం కాదులే అనే ధీమాతోనే నేను కుంటకు దారి పెట్టలేదు.

వరద తీసిన తర్వాత

ముందు నిలవ నీరు తీసెయ్యాలి. నిమ్మ, కంది వేళ్ళకు గాలి ఆడకపోతే చెట్టు పచ్చగా కనపడుతూనే లోపల చస్తుంది. నేల అడుగు పెట్టనిచ్చాక పై పొర కదిలించండి, తర్వాతే ఎకరాకు 200 లీటర్ల ద్రవ జీవామృతం పారించండి. బురదలో పోస్తే వృథా. తెగుళ్ళు కనపడితే పుల్లటి మజ్జిగో, శొంఠి పాల కషాయమో పిచికారీ చెయ్యండి. పంట నష్టం ఫోటోలు తీసి, రాసేవాళ్ళు వచ్చేదాకా ఆగకుండా రైతు సేవా కేంద్రంలో చెప్పండి.

ఇప్పుడు మా కుంటకు రాళ్ళు పరిచిన కలుజు ఉంది. పెద్దాయన ఇప్పటికీ వస్తుంటాడు. అడగడం మాత్రం మారింది. "అబ్బయ్యా, ఎంతంటా ఉండారు? కొండ మీద ఎట్టుంది? నీ డబ్బాలో ఎంతొచ్చింది?" అంటాడు. ఆ మూడు ప్రశ్నలు మీ ఊళ్ళో కూడా ఎవరో ఒకరు అడగడం మొదలుపెడితే ఈ రాతకు ఫలితం దక్కినట్టే.

మీ ఊళ్ళో ఎంత వానకు చప్టా మునుగుతుందో తెలిసినవాళ్ళు కింద రాయండి. అది మీ దిగువ రైతుకు పనికొస్తుంది.